ఆ లైను ఎవరి పేరున ఉంది

చోడవరంలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి జావా రాస్తానంటే మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ నమ్మరు. ఇంట్లో ఊసుపోక ఏదో టైపింగ్ చేసుకుంటోంది అనుకుంటారు. దిద్దడం నేనూ మానేశాను. మా ఆఫీసు ఎరువుల కొట్టు మీద ఒక గది. మెట్లెక్కుతుంటే యూరియా వాసన, పైకి వెళ్లాక ఇన్వర్టర్ బ్యాటరీ వాసన. చెరకు కోతలప్పుడు లోడు ఎత్తుగా వేసుకొచ్చిన ట్రాక్టరు ఏదో ఒకటి మా ఇంటర్నెట్ కేబులు తెంపుకుని పోతుంది. అప్పుడు ఫోన్లో డేటా పెట్టుకుని, తిట్టుకుంటూ పని చేస్తాం. ఆ గదిలో ఇద్దరమే ఉండేవాళ్లం, నేనూ, ఒక గుంటా.

ఆడపిల్లని మా వైపు గుంట అంటాం. గుంట అనే రాస్తాను, పేరు రాయను. రావికమతం వైపు పల్లె, చెరకూ వరీ వేసుకునే ఇల్లు. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరక్క, అనకాపల్లిలో ఒక చీరల కొట్టులో కౌంటరు దగ్గర నిలబడేది. చిన్న ఊళ్ల నుంచి మనుషుల్ని తీసుకుంటామని మా కంపెనీ అన్నప్పుడు పరీక్ష రాసి ప్రొబేషన్ మీద చేరింది. ప్రొబేషన్ దాటి పర్మనెంట్ అయితే ఉద్యోగం. కాకపోతే మళ్లీ ఆ కౌంటరే. మూడో దారి లేదు. ఈ సంగతి నాకు మొదటి రోజే చెప్పింది, ఏ దాపరికమూ లేకుండా, బల్ల తుడుచుకుంటూ.

రోజూ షేర్ ఆటోలో వచ్చేది. చోడంబలి, అంటే రాగంబలి, సీసా ఒకటి, టిఫిన్ డబ్బాలో నెత్తళ్ల చేపల కూర. నేను శాకాహారిని. "ఒసే, తలుపులేసున్న గదిలో ఆ నెత్తళ్లేటే? కంప్యూటర్లు కూడా తుమ్ముతన్నాయి," అనేదాన్ని. "మీ ఇంగువకి నానేటైనా అన్నానా అక్కా," అనేది. నిజమే, ఏమీ అనలేదు. తర్వాత్తర్వాత ఆ వాసన లేకపోతే మధ్యాహ్నం అయినట్టే తెలిసేది కాదు నాకు.

ఇక పని గురించి తెలియనివాళ్లకి నాలుగు మాటలు చెప్పాలి. మేం రాసే ప్రోగ్రాంలో మేం రాసింది పిడికెడు. తేదీలు చదవడానికి ఎవరో రాసిన లైబ్రరీ, మెసేజ్ పంపడానికి ఇంకొకరిది, రిపోర్టు అచ్చు వేయడానికి మరొకరిది. ఆ తెచ్చుకున్నవి ఒంటరిగా రావు. పెళ్లికి ఒకర్ని పిలిస్తే వాళ్ల తోడల్లుడి చుట్టాలు కూడా దిగినట్టు, తమకి కావలసిన లైబ్రరీలన్నిటినీ వెంటబెట్టుకొస్తాయి. దాంతో ఒకే లైబ్రరీ పాత వెర్షనూ కొత్త వెర్షనూ రెండూ గుమ్మంలో నిలబడతాయి. లోపలికి ఒక్కటే రావాలి. ఏది రావాలో తేల్చే సాధనం పేరు మేవెన్. ఏది కొత్తదో, ఏది మంచిదో అది చూడదు. మనకి ఏది దగ్గరగా ఉందో చూసి దాన్ని రానిస్తుంది. అన్నిటికీ పైన పేరెంట్ ఫైలని ఒకటుంటుంది. అందులో 'ఈ లైబ్రరీ ఫలానా వెర్షనే' అని ఒక్క లైను రాస్తే కింద వెంటబడి వచ్చినవన్నీ దానికి లోబడాల్సిందే. కింది మాడ్యూల్ కాదనాలంటే తన సొంత ఫైలులో తన వెర్షన్ తనే గట్టిగా రాసుకోవాలి. అలా రాసుకోవడాన్నే ఓవర్‌రైడ్ అంటాం. నా సగం వయసు దీని కిందే కరిగిపోయింది.

మేం చేసేది ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్. ఏ ఆసుపత్రో చెప్పను. అందులో రిపోర్టులు అచ్చు వేసేది ఒక మాడ్యూల్. డయాలసిస్ రోగులకి ఎప్పుడు రావాలో ఫోన్‌కి మెసేజ్ పంపేది ఇంకో మాడ్యూల్. రిపోర్టుల మాడ్యూల్లో తేదీల లైబ్రరీని పాత వెర్షన్‌కి కట్టేసిన లైను ఒకటుండేది. కట్టింది మా టీం లీడు గారే, నేను చేరకముందు. పక్కన 'కదపొద్దు' అని కామెంటు. ఎందుకు కదపకూడదో మాత్రం రాయలేదు. మెసేజీల మాడ్యూల్‌కి కొత్త వెర్షన్ కావాలి, అది కొత్తదే వాడుకునేది. ఎవరి గది వారిది. గొడవేమీ లేదు.

ఇంతలో ఆడిట్ వచ్చింది. వెర్షన్లన్నీ ఒకే చోట కనబడాలి అన్నారు ఆడిటర్లు. సరేనని లీడు గారు మాటిచ్చేశారు. మాటిచ్చినవాడు చేయడు కదా. పని గుంటకి పడింది. ఏ మాడ్యూల్లో ఏ వెర్షన్ రాసి ఉన్నా అక్కణ్నుంచి తీసి పేరెంట్ ఫైలులోకి మార్చాలి. శ్రద్ధగా చేసుకుంటూ వచ్చింది. ఆ 'కదపొద్దు' లైను దగ్గరకొచ్చి ఆగింది.

"అక్కా, దీన్ని పైకెట్టేస్తే మెసేజీల మాడ్యూల్‌కి కూడా పాత వెర్షనే తగులుకుంటాది కదా?"

"తగులుకుంటాదే. లీడు గార్ని అడుగు. అడిగినట్టు చాట్‌లో రాసి పెట్టు."

"సాట్‌లో రాస్తే సార్ మాటకి ఎదురు రాసినట్టుంటాది. ఫోన్ సేస్తాను."

ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది, నేనూ విన్నాను. మెల్లగా, భయం భయంగా, కానీ అడగవలసింది తప్పిపోకుండా అడిగింది. అవతల ఆయన ఇంకేదో మీటింగులో ఉన్నట్టున్నారు. "టెస్టులు పాసవుతున్నాయా? పాసైతే పెట్టెయ్యమ్మా. ఆడిట్ వాళ్లకి నేనేం చెప్పను?" అన్నారు. టెస్టులు పాసయ్యాయి. పాసవక ఏం చేస్తాయి? మా మెసేజీల టెస్టులు నిజంగా మెసేజ్ పంపవు, పంపినట్టు నటించే బొమ్మ ఒకటి పెట్టుకుని సరిపెట్టుకుంటాయి. నేను 'ఇంకోసారి అడుగు' అన్నాను. అడిగింది. 'పెట్టెయ్' అన్నారు. పెట్టింది. ఆయనే చూసి ఆమోదం నొక్కారు.

కొత్త రిలీజ్ ఆసుపత్రికి వెళ్లిన వారంలోనే అక్కడ డయాలసిస్ మెషీన్లు కొన్ని రిపేరుకొచ్చాయి. రోగుల వేళలు మార్చారు. మారిన వేళలు చెప్పే మెసేజీలు ఒక్కటీ వెళ్లలేదు. కొత్త వెర్షన్లో ఉండే పని పాత వెర్షన్లో లేదు. మెసేజ్ పంపబోయే క్షణంలో ప్రోగ్రాం దాన్ని వెతికింది, కనబడలేదు, ఎవరూ చదవని ఒక లాగ్ ఫైలులో ఒక వాక్యం రాసి ఊరుకుంది. రావలసినవాళ్లు రాలేదు. రానక్కర్లేనివాళ్లు వచ్చి, మెట్ల మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా చూసి వెళ్లిపోయారు. అలా వెనక్కి వెళ్లినవాళ్లలో ఒక పెద్దాయనకి దారిలో ఆయాసం వచ్చింది. ఐసీయూలో పెట్టారు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో మాకెవరూ చెప్పలేదు. నేను అడిగాను. అది క్లయింటు విషయం అన్నారు. ఒక మనిషి బతికాడా లేదా అన్నది క్లయింటు విషయం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రోజుకి పాత రిలీజే వెనక్కి పెట్టారు. మర్నాడు కంపెనీ వాళ్లు కాల్ పెట్టారు. హైదరాబాదు నుంచి లీడు గారు, ఆయన పైవాళ్లు, హెచ్ఆర్ ఆవిడ. ఇటు మేమిద్దరం ఒకే స్క్రీన్ ముందు. కాల్ రికార్డవుతోందని ముందే చెప్పారు.

ఏ లైను ఎవరు రాశారో చూపించే కమాండు ఒకటుంది మా పనిలో. దాని పేరే బ్లేమ్. నిజానికి అది రాసినవాళ్లని చూపించదు, చివరిసారి ముట్టుకున్నవాళ్లని చూపిస్తుంది. పిండి రుబ్బింది ఒకరైనా గిన్నె అందించినవాళ్ల పేరే చెబుతుంది. తెరమీద పేరెంట్ ఫైలు తెరిచారు. ఆ లైను పక్కన గుంట పేరు నల్లటి అక్షరాలతో కనబడింది. లీడు గారు ఒక్క మాటా మాట్లాడలేదు. పైవాళ్లలో ఒకాయన గొంతు పెంచి, "ఎవరమ్మా ఇది? ఏం చేశావసలు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు ఆ పిల్ల చేతులు కట్టుకుని లేచి నిలబడింది. కెమెరాలో తల తెగిపోయి మెడ దాకా కనిపిస్తోంది. "తప్పయిపోనాది సార్," అంది. "ఈ సారికి ఒగ్గీండి సార్. మల్లీ సెయ్యను."

నేను ఆమె చున్నీ పట్టుకుని కిందికి లాగాను. అప్పటికే ఆలస్యమైపోయింది. హెచ్ఆర్ ఆవిడ ఏదో రాసుకుంటోంది. లీడు గారి ముఖంలో వెలుగొచ్చింది. నేను కల్పించి చెప్పడం లేదు, ఆ వెలుగు చూశాను.

కాల్ అయ్యాక తిట్టాను. గట్టిగానే తిట్టాను. "నువ్వు అడిగావు కదే! రెండుసార్లు అడిగావు! నువ్వెందుకే తప్పని సెప్పేవు?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది, నేనే ఏదో తెలియనిదాన్నైనట్టు. "పెద్దోలు కోపంగున్నప్పుడు ముందర తప్పని సెప్పాల కదక్కా. అప్పుడు సల్లబడతారు. సల్లబడ్డాక అసలు సంగతి అడుగుతారు. మా మామ్మ అలగే సెప్పీది. నోరు మంచిదైతే ఊరు మంచిదనీది."

ఆ పిల్ల చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మా వైపు పల్లెల్లో అంతే. పక్కవాడి గేదె తన వరిలో పడినా సరే, పెద్దవాడు అరుస్తూ వస్తే ముందు 'తప్పయిపోయింది బాబూ' అనేస్తారు. తప్పు ఎవరిదన్నది ఆ తర్వాత, గట్టు మీద కూర్చుని, చుట్ట ముట్టించాక తేలుతుంది. క్షమాపణ అక్కడ నేరం ఒప్పుకోవడం కాదు, కూర్చోమని పీట వేయడం. పీట వేసింది ఆ పిల్ల. వాళ్లు కూర్చోలేదు. రికార్డు చేసుకుని వెళ్లిపోయారు.

నేను ఊరుకోలేదు. ఊరుకునే గుణం నాకు లేదు, మా ఆయన్ని అడిగితే చెబుతారు. లైను పుట్టుపూర్వోత్తరాలన్నీ తీశాను. ఇదిగో, మొదట రాసింది లీడు గారు, 'కదపొద్దు' అన్నదీ ఆయనే, ఈ అమ్మాయి అక్కణ్నుంచి ఇక్కడికి మార్చింది అంతే, మార్చమన్నదీ ఆయనే, ఆమోదం నొక్కిందీ ఆయనే అని వరసగా రాసి హెచ్ఆర్‌కి పంపాను. ఆవిడ ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడారు.

"మార్చమని రాతపూర్వకంగా ఎక్కడైనా ఉందా మేడమ్?"

"లేదు. ఫోన్లో చెప్పారు. నేను విన్నాను."

"ఆయన టెస్టులు చూసుకోమన్నానంటున్నారు. ఆ అమ్మాయేమో తప్పు తనదని అందరి ముందూ ఒప్పుకున్నారు. మీరిందులోకి ఎందుకు వస్తున్నారు?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని ఆవిడ ఉద్దేశం. ఆ సామెత ఆవిడకి తెలుసో లేదో గానీ గొంతులో ఉంది. నేను లీడు గారికి నేరుగా ఫోన్ చేశాను. ఎత్తలేదు. తర్వాత ఆయనే చేసి, "నాకూ బాధగానే ఉంది. కానీ క్లయింటుకి ఎవరో ఒకర్ని చూపించాలి కదా. ప్రొబేషన్‌లో ఉన్న పిల్ల, వయసుంది, ఇంకోటి వెతుక్కుంటుంది," అన్నారు. ఆయన చెడ్డవాడని రాస్తే నాకు తేలికగా ఉండేది. కూతురి పుట్టినరోజుకి మాకందరికీ మిఠాయి పంపించే మనిషి. అలాంటి మనిషే ఇది చేశాడు. అందుకే నాకు ఇంకా మంట.

ప్రొబేషన్ కన్‌ఫర్మ్ చేయడం లేదని మెయిల్ వచ్చింది. ఆ శుక్రవారం ఆఖరి రోజు. మెయిల్ చదివి గుంట కాసేపు కిటికీ లోంచి కిందికి చూసింది. కొట్టు ముందు దేవరాపల్లి వాళ్లెవరో ఎరువు బస్తాలు ఆటోలో సర్దుకుంటున్నారు. ఏడవలేదు. అంబలి సీసా తీసి రెండు గుక్కలు తాగి, "అక్కా, మెసేజీలదింకా అలగే ఉన్నాది కదా?" అంది.

ఉంది. ఆడిట్ వాళ్లకిచ్చిన మాట కోసం కొత్త రిలీజ్ మళ్లీ వెళ్లాలి. వెర్షన్లన్నీ పేరెంట్‌లోనే ఉండాలి, కారణం చూపిస్తే ఒకటీ అరా మినహాయింపుకి ఒప్పుకుంటారు. ఆ లైను తీస్తే రిపోర్టులు చెడతాయేమోనని భయం, ఉంచితే మెసేజీలు ఆగుతాయి. దాన్ని సరిచేయమని నాకు పని పడింది. అప్పటికి కోపంతో నేను దాని మొహం కూడా చూడలేదు.

"నాను సూస్తాను," అంది.

"నీకెందుకే ఇంకా? వీళ్లకి ఊడిగం చేయాలా?"

"ఈళ్లకి కాదక్కా. ఆ మెట్ల మీద కూకున్నోల్లకి."

శుక్రవారం దాకా ఆ పిల్ల తలెత్తలేదు. మెసేజీల మాడ్యూల్ ఎవరెవర్ని వెంటబెట్టుకొస్తోందో ఆ చెట్టంతా విప్పి, కొమ్మ కొమ్మా చూసుకుంటూ వెళ్లింది. పైనున్న లైను జోలికి పోలేదు. మెసేజీల మాడ్యూల్ సొంత ఫైలులో తేదీల లైబ్రరీ కొత్త వెర్షన్‌ని నేరుగా రాసింది. పేరెంట్ మాట ఆ ఒక్క మాడ్యూల్‌కి చెల్లకుండా ఓవర్‌రైడ్. చూస్తే ఒక్క లైను. ఆ ఒక్క లైనే చాలని తేల్చుకోవడానికి మిగతా అన్నీ చదివింది. తర్వాత నటించే బొమ్మని తీసేసి, నిజంగా మెసేజ్ పంపే టెస్టు ఒకటి రాసింది. నంబరు తనదే ఇచ్చుకుంది. శుక్రవారం మధ్యాహ్నం బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. 'మీ డయాలసిస్ వేళ మారింది' అని తనకు తనే పంపుకున్న మెసేజ్. దాన్ని నాకు చూపించి నవ్వింది. ఆ ఉద్యోగంలో ఆమె నవ్విన ఆఖరి నవ్వు అదే అయ్యుంటుంది.

మార్పుని ఆమోదానికి పంపింది. లీడు గారు చూడలేదు, సెలవు పెట్టారు. సాయంత్రం ల్యాప్‌టాప్ కొరియర్ పెట్టెలో పెట్టి టేపు వేశాం. నన్ను కావలించుకోబోయి, పెద్దదాన్నని కాబోలు ఆగి, దణ్ణం పెట్టి మెట్లు దిగిపోయింది.

సోమవారం నేను చూసేసరికి ఆ మార్పు మూసేసి ఉంది. ఆమె అకౌంటు తీసేయగానే ఆమె పంపినవన్నీ సిస్టం తనంతట తనే మూసేసింది. మళ్లీ తెరవబోతే ఆ పేరు గల ఉద్యోగి లేరంది. ఆమె పేరుతోనే పెట్టాలని రెండు మూడు విధాల ప్రయత్నించాను. ప్రతిసారీ వెనక్కి తోసింది. లీడు గార్ని అడిగితే, "నీ పేరున పెట్టెయ్, ఆలస్యమవుతోంది," అన్నారు. రిలీజ్ ఆ మార్పు కోసమే ఆగి ఉంది. పెట్టాను. కనీసం ఆ లైను పైన కామెంటులో ఇది ఫలానా అమ్మాయి కనిపెట్టిందని రాశాను. కామెంట్లలో మనుషుల పేర్లుండకూడదని, పాలసీ అని, తీసేస్తేనే ఆమోదిస్తామని జవాబొచ్చింది. తీసేశాను.

రిలీజ్ వెళ్లింది. మెసేజీలు వెళ్లాయి, ఇప్పటికీ వెళుతున్నాయి. నాకు కంపెనీ వాళ్లు నలుగురి ముందూ చప్పట్లు కొట్టారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో ఆ చప్పట్ల మధ్య కూర్చున్నప్పుడు తెలిసింది. పేరెంట్ ఫైలులో ఆ పాత లైను మాత్రం అలాగే ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఇంకా ఎవరికీ లేదు. గదిలో నేనొక్కదాన్నే. మధ్యాహ్నం అయ్యేది ఇప్పుడు గడియారం చూస్తేనే తెలుస్తోంది.

మొన్న ఆడపడుచుకి చీర కొనడానికి అనకాపల్లి వెళ్లాను. ఆ కొట్టుకే వెళ్లాను, వెళ్లకుండా ఉండలేక. కౌంటరు వెనక నిలబడి చీరలు మడత పెడుతోంది. నన్ను చూసి, చేతిలో చీర అలాగే పట్టుకుని, ఏటక్కా బాగున్నారా అని కూడా అడగకుండా మొట్టమొదట అడిగింది ఇది:

"మెసేజీలెల్తన్నాయా?"

"ఎల్తన్నాయే."

ఊపిరి వదిలింది. చీర మడత సరిచేసి పైనుంచి చేత్తో రాసింది. తర్వాత గొంతు తగ్గించి, పక్కనున్న యజమాని వినకుండా అంది:

"ఉద్యోగం పోతే పోనాది అక్కా. ఫైల్లో లైను పక్కన నా పేరుంటాది కదా? ఎప్పుడు సూసినా కనబడతాది కదా?"

"ఉందే గుంటా," అన్నాను. "ఎప్పుడు చూసినా నీ పేరే కనబడుతోంది."

అబద్ధం చెప్పలేదు. ఉంది, పేరెంట్ ఫైలులో, ఆ పాత లైను పక్కన.